రీబూట్ చేయగానే రీడ్-అహెడ్ మారిపోతోందా?

సమస్య: మాంగోడీబీ డేటాబేస్ నడుస్తున్న రెడ్ హ్యాట్ లినక్స్ సర్వర్‌లో డిస్క్ రీడ్-అహెడ్‌ను (అడగకముందే డిస్క్ నుంచి చదివి ఉంచే డేటా పరిమాణం) 16 కేబీకి తగ్గించారు (మాంగోడీబీ చెప్పేది 8 నుంచి 32 సెక్టార్లు, సెక్టార్ అంటే 512 బైట్లు, కాబట్టి 32 సెక్టార్లంటే 16 కేబీ). అంతా బాగుంది. రీబూట్ చేశాక మళ్లీ స్లో.

ముందుగా విలువ ఎంతకు మారిందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

128 (కేబీ) కనిపిస్తే అది కెర్నెల్ డిఫాల్ట్. మీరు ఎకో కమాండ్‌తో సిస్ (/sys) డైరెక్టరీలో రాసినది మెమరీలోనే ఉంటుంది, డిస్క్ మీదికి వెళ్లదు. రీబూట్‌తో పోయింది, అంతే. యూడెవ్ (డిస్కుల లాంటి పరికరాలు కనిపించగానే వాటికి సెట్టింగులు పెట్టేది) రూల్ ఒకటి రాస్తే సరిపోతుంది.

4096 కనిపిస్తే మాత్రం మార్చింది ట్యూన్డ్ (సర్వర్ పనితీరు సెట్టింగులను ప్రొఫైళ్ల ప్రకారం పెట్టే) సర్వీసు. దాని త్రూపుట్-పెర్ఫార్మెన్స్ ప్రొఫైల్, రీడ్-అహెడ్ 4096 కేబీ కంటే తక్కువుంటే పైకి లేపుతుంది. ‘ట్యూన్డ్-ఏడీఎం యాక్టివ్’ అని కొడితే ఏ ప్రొఫైల్ నడుస్తోందో తెలుస్తుంది. ఇక్కడ యూడెవ్ రూల్ ఒక్కటే రాసి లాభం లేదు: అది ముందు 16 పెడుతుంది, తర్వాత లేచిన ట్యూన్డ్ దాన్ని చెరిపేస్తుంది. ఆర్‌సీ లోకల్‌లో (బూట్ సమయంలో నడిచే స్క్రిప్ట్) పెడితే ఇంకా టెన్షన్, ఎందుకంటే ఎవరు చివర రాస్తే వారిదే చెల్లుతుంది.

సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగులు మార్చే పద్ధతి, sysctl) సెట్టింగులకు ఈ బాధ లేదు కదా అని చాలామంది అడుగుతారు. నిజమే. ట్యూన్డ్ ముఖ్య కాన్ఫిగ్ ఫైల్లో రీఅప్లై-సిస్‌కంట్రోల్ అనే ఆప్షన్ మామూలుగా 1గా ఉంటుంది, అంటే ట్యూన్డ్ తన పని అయ్యాక మీ ఫైళ్లను మళ్లీ అమలు చేస్తుంది కాబట్టి, డర్టీ రేషియో (డిస్క్ మీదికి రాయాల్సిన డేటా మెమరీలో ఎంతవరకు ఉండొచ్చో చెప్పే పరిమితి) లాంటివి మీరు సిస్‌కంట్రోల్ ఫైల్లో రాస్తే మీ మాటే నెగ్గుతుంది. రీడ్-అహెడ్ సిస్‌కంట్రోల్ కిందికి రాదు.

పరిష్కారం: ఆ విలువను ట్యూన్డ్ చేతే పెట్టించాలి. ఈటీసీ కింద ట్యూన్డ్ డైరెక్టరీలో సొంత ప్రొఫైల్ ఫోల్డర్ చేసి, అందులోని కాన్ఫిగ్ ఫైల్లో మెయిన్ విభాగం కింద ఇన్‌క్లూడ్‌గా పాత ప్రొఫైల్ పేరు, డిస్క్ విభాగం కింద రీడ్-అహెడ్ 16 అని రాయండి. విలువ ముందు ‘కంటే ఎక్కువ’ (>) గుర్తు పెట్టొద్దు, అది ఉంటే విలువ పైకే మారుతుంది, తగ్గదు. ప్రొఫైల్ మార్చి, ‘ట్యూన్డ్-ఏడీఎం వెరిఫై’ నడపండి, తర్వాత ఒకసారి నిజంగా రీబూట్ చేసి చూడండి.

సర్వీసునే ఆపేయమనే సలహా నాకు నచ్చదు. ఆపితే సీపీయూ గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించేది) లాంటి మిగతా మంచి సెట్టింగులు కూడా వెనక్కి పోతాయి.