పాత తలుపుల గొళ్లేలు, బందుల రంగు తీసేముందు

దసరాకు ఇళ్లకు రంగులు వేసే రోజులు దగ్గర పడుతున్నాయి. నల్లగొండ దగ్గరి ఒక పల్లెలో ఇటీవల ఒకాయన, పాత దర్వాజ నుంచి ఊడదీసిన ఇనుప గొళ్లేలను వంటింటి గ్యాసు పొయ్యి మీదనే కాల్చి రంగు వదిలించబోయి, ఆ పొగకు ఉక్కిరిబిక్కిరై ఆసుపత్రి పాలయ్యారు. చేతులకు తొడుగులు వేసుకోవాలన్నది అందరికీ తెలిసిందే గనుక, నేను నొక్కి చెప్పేది ఒక్కటే: పాత రంగును కాల్చకండి.

పెచ్చు లేచిన చోట గొళ్లేన్ని వెలుతురులో పెట్టి చూడండి. పైన గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, అడుగున పసుపు, ఇలా ఏళ్ల తరబడి వేసిన పొరలన్నీ కనిపిస్తాయి. ఇళ్ల రంగుల్లో సీసం (లెడ్ అనే విషలోహం) పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు కాబట్టి, అంతకుముందు వేసిన పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. మంట తగిలితే అది పొగలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు కట్టుకున్న రుమాలు దాన్ని ఆపజాలదు. పసిపిల్లల మెదడుకు, గర్భిణులకు సీసం ఎంత కొద్దిదైనా చేటే. పైగా, కాలిన తాళం స్ప్రింగు మళ్లీ పనికి రాదు.

ఆరుబయట పాత ఇనుప గిన్నెలో బట్టల సోడా కలిపిన నీళ్లు పోసి, గొళ్లేలు, బందులు, మరలు అందులో వేసి సన్నని సెగ మీద మరిగిస్తే, కాసేపటికి రంగు మెత్తబడి వెదురు పుల్లకే ఊడి వస్తుంది. ఇత్తడి కొంచెం నల్లబడితే చింతపండుతో తోముకోవచ్చు. అల్యూమినియం పిడులు మాత్రం ఆ నీళ్లలో వేయరాదు, సోడా వాటిని తినేస్తుంది.

అంతకంటే చాలా ఘాటైన కాస్టిక్ సోడా వాడక తప్పకపోతే సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా పొంగి ముఖాన చిమ్ముతుంది. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడనుకుని కంట్లో నిమ్మరసం పిండకండి. రంగు తీసే ద్రావణాలను గది తలుపులు మూసి వాడకండి. వాటిలో కొన్నింటి ఆవిరి మనిషిని స్పృహ తప్పించి చంపుతుంది. థిన్నర్ డబ్బా దగ్గర బీడీ వెలిగించకండి. గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్వకండి, తడిబట్టతో ఎత్తండి. మరిగించిన గిన్నెను మళ్లీ వంటకు వాడకండి. ఆ నీళ్లు బావి దగ్గర, పశువులు తాగే చోట పారబోయకండి. పిల్లలను దరిదాపులకు రానివ్వకండి. ఈ పనిలో తొడుక్కున్న బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకకండి. పండుగ రేపే అయినా సరే, పొయ్యి మీద గానీ మంట చిమ్మే బ్లోల్యాంపుతో గానీ కాల్చకండి.