లేటెక్స్ పడని రోగికి పళ్ల వైద్యం: క్లినిక్‌లో ముందే చూసుకోవలసిన సంగతులు

తిరుపతిలో పళ్ల క్లినిక్ నడిపేవారి కుర్చీలో కూర్చునేది ఊరివాళ్లే కాదు. కొండ దిగి వచ్చి, రాత్రంతా పన్ను సలిపితే పొద్దున్నే మన గడప తొక్కే యాత్రికులూ ఉంటారు. వారి పాత చీటీలు వెంట ఉండవు, పైగా మధ్యాహ్నం రైలు అందుకోవాలి. అలాంటి రోగికి లేటెక్స్, అంటే గ్లౌజుల వంటి వాటిలో ఉండే సహజ రబ్బరు, పడదన్న విషయం నోట్లో వేలు పెట్టకముందే మనకు తెలియాలి కాబట్టి, ఈ పని గ్లౌజులతో కాక ప్రశ్నలతో మొదలవుతుంది.

"మీకు లేటెక్స్ అలర్జీ ఉందా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే ఆ మాటే వారు విని ఉండరు. దానికి బదులు, బుడగ ఊదినప్పుడు పెదవులు ఎప్పుడైనా దురద పెట్టాయా, వాచాయా అని అడగాలి. రబ్బరు గ్లౌజులు వేసుకుని గిన్నెలు తోమితే చేతులకు దద్దుర్లు వస్తాయా, అరటిపండు, బొప్పాయి, కివీ, అవకాడో వంటివి తింటే నోరు, గొంతు దురద పెడతాయా అని కూడా అడగాలి. రబ్బరు పాలలోని ప్రొటీన్లను పోలినవి ఈ పండ్లలో ఉండటం వల్ల ఒకటి పడనివారికి రెండోది పడకపోవచ్చు. మామిడి కూడా ఈ జాబితాలోదే. అయితే మన చిత్తూరు తోటల్లో కాయలు కోసేవారికి సొన తగిలి చర్మం పొక్కడం వేరే రసాయనం వల్ల కలిగేది, దాన్ని చూసి లేటెక్స్ అలర్జీ అని రాసేయకూడదు. వెన్నుపూస లోపంతో పుట్టి చిన్నతనం నుంచీ పలుమార్లు ఆపరేషన్లు అయినవారు, రోజంతా గ్లౌజులు తొడుక్కునే నర్సులు, ల్యాబ్ సిబ్బంది ప్రత్యేకంగా అడగవలసినవారు. కండోమ్ వల్ల దురద, వాపు వచ్చాయా అన్న ప్రశ్నను బంధువులను బయటకు పంపి అడగడం మంచిది.

జవాబులు విన్నాక అది ఏ రకమో తేల్చుకోవాలి. చేతులు పొడిబారి మండటం చాలావరకు సబ్బు, చెమట, ఒరిపిడి వల్ల వచ్చేదే. ఒకటి రెండు రోజుల తర్వాత గ్లౌజు తగిలినంత మేర దురద, పొక్కులు వస్తే, అది సాధారణంగా రబ్బరు తయారీలో కలిపే రసాయనాల వల్ల కలిగే అలర్జీ. ఈ రసాయనాలు కొన్ని, కృత్రిమ రబ్బరుతో చేసే నైట్రైల్ గ్లౌజుల్లోనూ ఉంటాయి కనుక వీరికి వినైల్ అనే ప్లాస్టిక్ గ్లౌజులో, ఆ రసాయనాలు లేవని తయారీదారు హామీ ఇచ్చిన నైట్రైల్ గ్లౌజులో వాడాలి. నిమిషాల్లోనే దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం, ముఖం వాపు కనిపిస్తే అది ప్రొటీన్లకు వచ్చిన అలర్జీ, ప్రాణం మీదికి తెచ్చేది. అనుమానం ఉండి, చికిత్స అత్యవసరం కానప్పుడు, రోగిని అలర్జీ నిపుణుల వద్దకు పంపి పరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి.

గ్లౌజులు మార్చగానే పని అయిపోయిందనుకునే పొరపాటు నేనూ చేశాను. ఒక అమ్మాయికి నైట్రైల్ గ్లౌజులతోనే పన్ను చూస్తుండగా, చేతికి చుట్టిన బీపీ పట్టీ రబ్బరు గొట్టం ఆనిన చోట, గీత గీసినట్టు ఎర్రటి దద్దుర్లు లేచాయి. అదృష్టవశాత్తూ అంతటితో ఆగింది. ఆ సాయంత్రం క్లినిక్‌లోని ప్రతి సొరుగూ తెరిచి చూస్తే పని చేసే పన్ను చుట్టూ పరిచే రబ్బరు డ్యామ్ షీట్లు, పళ్లు పాలిష్ చేసే కప్పులు, క్లిప్పులకు వేసే ఎలాస్టిక్ ఉంగరాలు, నోరు తెరిచి ఉంచే బైట్ బ్లాకులు, స్టెతస్కోపు గొట్టం, చేతికి కట్టే టోర్నికే, అతికించే ప్లాస్టర్లు బయటపడ్డాయి. వీటన్నిటికీ లేటెక్స్ లేని రకాలు దొరుకుతాయి. మత్తుమందు కార్ట్రిడ్జి లోపలి రబ్బరు బిరడా, మందు సీసా మూత దేనితో చేశారో డీలరును నోటిమాటగా అడగక, కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. "హైపోఅలర్జెనిక్" (అలర్జీ తక్కువ కలిగించేది) అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన అందులో లేటెక్స్ లేదని కాదు.

పొడి చల్లిన లేటెక్స్ గ్లౌజుల విషయంలో నా అభిప్రాయం ఖచ్చితమైనది: అవి క్లినిక్‌లో ఉండనే కూడదు. ఆ పొడి ప్రొటీన్లను మోసుకుని గాలిలో తేలుతుంది. అమెరికా 2017లో పొడి గ్లౌజులను నిషేధించింది. చిన్న క్లినిక్ అయితే రెండు రకాల స్టాకు పెట్టుకుని గందరగోళపడే కంటే లేటెక్స్‌ను పూర్తిగా మానేయడమే తేలిక. లేటెక్స్ గ్లౌజులతో, పళ్ల అచ్చు తీసే సిలికాన్ పుట్టీ కలిపితే అది సరిగా గట్టిపడదని మనకు ఎలాగూ తెలిసిందే కదా.

ఇంకా లేటెక్స్ వాడుతున్నవారు ఇలాంటి రోగికి ఉదయం మొదటి అపాయింట్‌మెంటు ఇవ్వాలి. ముందు రోజు రాత్రే కుర్చీ, లైటు పిడి, సొరుగుల పిడులు తడిబట్టతో తుడిపించాలి. అసిస్టెంట్ ఆ ఉదయం లేటెక్స్ గ్లౌజులు ముట్టకూడదు, ముట్టి ఉంటే చేతులు కడుక్కుని కోటు మార్చుకుని రావాలి. ముందుగా అలర్జీ మాత్ర ఇచ్చి లేటెక్స్‌తోనే పని కానిచ్చేద్దామనుకోవడం ప్రమాదకరం. ఆ మాత్ర తీవ్రమైన ప్రతిచర్యను ఆపుతుందన్న భరోసా లేదు.

ఇంత చేసినా రోగికి ఆయాసమో, గొంతు బిగుసుకోవడమో, కళ్లు తిరగడమో మొదలైతే నోట్లో ఉన్నవన్నీ తీసేసి, వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే యాంప్యూల్ నుంచి పెద్దవారికి 0.5 మి.లీ., తొడ మధ్యభాగంలో బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. పిల్లలకు కిలో బరువుకు 0.01 మి.గ్రా., 0.3 మి.గ్రా. మించకుండా. మత్తుమందులో కలిసి ఉన్న అడ్రినలిన్ దీనికి బదులు కాదు. రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టవచ్చు, కానీ లేపి నడిపించకూడదు. ఆక్సిజన్ పెట్టి, 108కి ఫోన్ చేయించాలి; 5 నిమిషాల్లో తగ్గకపోతే మరో మోతాదు ఇవ్వాలి. కుదుటపడినట్టు కనిపించినా గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు కనుక, రైలుకు టైమవుతోందని ఎంత బతిమాలినా ఆసుపత్రికే పంపాలి.

పంపేటప్పుడు ఏ వస్తువు తగిలింది, ఎన్ని నిమిషాలకు ఏమైంది, ఏ మందు ఎంత ఎప్పుడు ఇచ్చాం అన్నది చీటీ మీద రాసి, పైన "లేటెక్స్ పడదు" అని ఎర్ర సిరాతో, రోగికి అర్థమయ్యే భాషలో కూడా రాసి ఇవ్వాలి. తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో వచ్చినవారైతే, ఆ ఒక్క మాటనూ వారి భాషలో రాయించడానికి వెంట వచ్చినవారి సాయం తీసుకోవచ్చు.