ఇంగ్లిష్ నాటకాల డైలాగులు స్టేజి మీద ఎట్లా చెప్పాలి

జనవరి దాటిందంటే మా కల్వకుర్తి చుట్టుపక్కల కాలేజీల్లో ఫేర్‌వెల్ పార్టీలు, యానివర్సరీలు మొదలవుతాయి. పిల్లలు నా దగ్గరికొచ్చి, "మేడం, షేక్‌స్పియర్‌ది ఒక మంచి కొటేషన్ రాసివ్వండి, స్టేజి మీద చెప్తా" అంటారు. నేను కొటేషన్ రాసివ్వను. నాటకం పేరు, అంకం, సీను నంబరు రాసిచ్చి, ముందు అది చదివి రమ్మంటాను. నాటకంలో మాట సూక్తి కాదు. ఒక మనిషి ఎదురుగా ఉన్న ఇంకో మనిషితో, ఏదో ఒకటి సాధించాలని అన్న మాట అది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారో తెలిస్తే ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చిన పిల్ల కూడా హాలంతా కదలకుండా వినేలా చెప్పగలదు.

భాగోతాలు, పద్యనాటకాలు చూసి పెరిగిన మన పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 'చెల్లియో చెల్లకో' పద్యం ఎత్తుకోగానే అది కౌరవసభ అనీ, మాట్లాడేది కృష్ణుడనీ, సంధి కోసం వచ్చాడనీ చూసేవాళ్లకు తెలుసు. ప్రతి పదానికీ అర్థం తెలియని ముసలవ్వ కూడా "వన్స్ మోర్" అనేది అందుకే. ఇంగ్లిష్ డైలాగుకు కూడా అదే పద్ధతి.

డైలాగు ఎంచుకునేటప్పుడు అన్నవాడు ఎలాంటివాడో చూడండి. 'హామ్లెట్' మొదటి అంకం మూడో సీనులో పొలోనియస్ కొడుకుతో "టు దైన్ ఓన్ సెల్ఫ్ బీ ట్రూ" అంటాడు. నీకు నువ్వు నిజాయితీగా ఉండు అని. గోడల మీద, స్టేటస్‌లలో ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది. అదే పొలోనియస్ రెండో అంకం మొదట్లోనే ఫ్రాన్స్‌లో ఉన్న ఆ కొడుకు ఎట్లా తిరుగుతున్నాడో కనుక్కోమని మనిషిని పంపిస్తాడు. 'జూలియస్ సీజర్'లో "ద ఫాల్ట్, డియర్ బ్రూటస్, ఈజ్ నాట్ ఇన్ అవర్ స్టార్స్" అన్న మాట కూడా అంతే. తప్పు జాతకంలో లేదు, మనలోనే ఉంది అని చెప్పి కేసియస్ బ్రూటస్ అనే మంచి మనిషిని సీజర్‌ను చంపే కుట్ర వైపు లాగుతున్నాడు. ఈ డైలాగులు వాడొద్దని కాదు. ఆ మాట వెనక అతని పని ఏమిటో తెలిసి వాడితే గొంతులో బరువు వస్తుంది.

ఫోన్‌కు వచ్చిన ఫోటో కొటేషన్‌ను నమ్మకండి. షేక్‌స్పియర్ నాటకాలన్నీ ఫోల్జర్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత నాటకాలు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైట్‌లో ఉన్నాయి. రెండు మూడు పదాలు కొట్టి వెతికితే సీను దొరుకుతుంది. తిరస్కారానికి గురైన ఆడదాని కోపం ముందు నరకం కూడా చాలదన్న మాటను అందరూ షేక్‌స్పియర్ ఖాతాలో వేస్తారు. అది విలియం కాంగ్రీవ్ 1697లో రాసిన 'ద మోర్నింగ్ బ్రైడ్' నాటకంలోది. మెక్‌బెత్‌లో మంత్రగత్తెలు అనేది "డబుల్, డబుల్" అని, "బబుల్, బబుల్" అని కాదు. జడ్జీల్లో ఇంగ్లిష్ లెక్చరర్ ఉంటే ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

మాట దొరికాక దాన్ని తెలుగు లిపిలో రాసుకోండి. నామోషీ అనుకోవద్దు. అయితే తెలుగులో రాసుకుంటే అన్ని అక్షరాలూ ఒకే బరువుతో పలికే ప్రమాదం ఉంది. అందుకే గట్టిగా పలికే చోట పెన్సిల్‌తో కింద గీత పెట్టండి. "టు బీ, ఆర్ నాట్ టు బీ" లో మొదటి 'బీ', 'నాట్', రెండో 'బీ' కింద గీతలు పడాలి. షేక్‌స్పియర్ పద్యపాదం చాలావరకు ఐదు దెబ్బల మీద నడుస్తుంది, తేలిక తర్వాత బరువు, తేలిక తర్వాత బరువు. బల్ల మీద వేళ్లతో దరువు వేస్తూ చదివితే చాలు, గ్రామర్ అక్కర్లేదు. దరువు కుదిరాక వేళ్లు ఆపేసి మామూలుగా మాట్లాడినట్టు చెప్పాలి. స్టేజి మీద కూడా దరువుతోనే చెబితే ఎక్కం అప్పజెప్పినట్టు ఉంటుంది.

ఇక మార్క్ ఆంటొనీ దగ్గరికి వద్దాం. ఒక్కటే నేర్చుకోవాలంటే ఇదే నేర్చుకోమంటాను. 'జూలియస్ సీజర్' మూడో అంకం రెండో సీను. బ్రూటస్, కేసియస్ వాళ్లు కలిసి సీజర్‌ను చంపేశారు. ఎందుకు చంపాల్సి వచ్చిందో బ్రూటస్ జనానికి చెప్పేశాడు, జనం అతని వైపు తిరిగిపోయారు. మమ్మల్ని నిందించొద్దు, మా అనుమతితోనే మాట్లాడుతున్నానని చెప్పు అనే షరతుల మీద సీజర్ స్నేహితుడు ఆంటొనీని మాట్లాడనిచ్చాడు. బ్రూటస్‌ను ఏమైనా అంటే ఊరుకునేది లేదన్నట్టుగా ఉంది గుంపు. ఇదంతా మనసులో పెట్టుకొని నోరు తెరవాలి.

"ఫ్రెండ్స్, రోమన్స్, కంట్రీమెన్, లెండ్ మీ యువర్ ఇయర్స్." మన పిల్లలు దీన్ని ఎన్నికల మీటింగులో లాగా అరుస్తారు. వినని గుంపును పిలవడం ఇది. పలికేటప్పుడు ఫ్రెండ్స్ ఒక్క ముక్క, రోమన్స్ రెండు, కంట్రీమెన్ మూడు. పిలుపు పెరుగుతూ పోతుంది. ఒక్కో పిలుపు తర్వాత చిన్నగా ఆగి, ఎవరన్నా తిరిగి చూశారా అని చూడండి. తర్వాతి వాక్యంలో గొంతు దించాలి. సీజర్‌ను పూడ్చడానికి వచ్చాను, పొగడడానికి కాదు అంటున్నాడు. వినేవాళ్లు సీజర్ మీద కోపంగా ఉన్నారు కదా!

"బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్" అన్న మాట మొదటి భాగంలోనే నాలుగుసార్లు వస్తుంది. మొదటిసారే వెటకారంగా అన్నారంటే పని చెడిపోయినట్టే, ఆ గుంపు అతన్ని అక్కడే దించేసేది. మొదటిసారి నిజంగా గౌరవంతో చెప్పండి. ఆ తర్వాత ఆంటొనీ ఒక్కో సాక్ష్యం తెస్తాడు. సీజర్ బందీలను తెచ్చి, వాళ్ల విడుదల సొమ్ముతో ఖజానా నింపాడు. పేదవాళ్లు ఏడిస్తే తానూ ఏడ్చాడు. కిరీటం మూడుసార్లు ఇస్తే మూడుసార్లూ వద్దన్నాడు. సాక్ష్యం పెరిగిన కొద్దీ అదే మాట కొంచెం కొంచెం మారాలి. ఎంత మారాలో నేను చెప్పను, రికార్డు చేసుకొని వింటే మీకే తెలుస్తుంది.

ఆ భాగం చివర షేక్‌స్పియర్ మౌనాన్ని కూడా మాటల్లోనే రాసిపెట్టాడు. నా గుండె ఆ శవపేటికలో సీజర్ దగ్గర ఉంది, అది తిరిగొచ్చేదాకా ఆగాలి అంటాడు ఆంటొనీ. అక్కడ నిజంగా ఆగాలి. నాటకంలో ఆ వ్యవధిలోనే జనం తమలో తాము, ఇతను చెప్పేదాంట్లో న్యాయం ఉంది అనుకోవడం మొదలుపెడతారు. కాబట్టి తల దించుకున్నా చెవులు హాలు మీదే ఉండాలి. టెన్షన్‌లో ఆ మౌనాన్ని మింగేసే పిల్లలకు, లోపల తెలుగులో "వింటున్నారా, వింటున్నారా" అనుకొమ్మని చెప్తాను.

'ద మర్చంట్ ఆఫ్ వెనిస్' నాలుగో అంకంలో పోర్షియా చెప్పే "ద క్వాలిటీ ఆఫ్ మెర్సీ ఈజ్ నాట్ స్ట్రెయిన్డ్" అమ్మాయిలు ఎక్కువగా అడుగుతారు. అప్పు తీర్చలేదని, ఒప్పందం ప్రకారం బాకీదారు ఒంట్లోంచి ఒక పౌను మాంసం కోసుకుంటానని వడ్డీ వ్యాపారి షైలాక్ కోర్టుకెక్కాడు, లాయరు వేషంలో వచ్చిన పోర్షియా అతనితో అనే మాట ఇది. దీనికి ఒక కిటుకు ఉంది. ఇది ఉపన్యాసం కాదు, జవాబు. దయ చూపాలి అని పోర్షియా అనగానే షైలాక్, నన్ను బలవంతపెట్టేది ఏది, చెప్పు అంటాడు. అందుకే పక్కన ఒక స్నేహితురాలిని నిలబెట్టి, ఆ ప్రశ్న గట్టిగా అడిగించండి. ఆ ప్రశ్నకే మీ మొదటి వాక్యం తగలాలి. తర్వాత ఆకాశం నుంచి మెత్తగా కురిసే వానతో దయను పోలుస్తుంది. మొగులు వంక చూసే ఊళ్ల పిల్లలకు ఆ వాక్యం ఎట్లా చెప్పాలో నేర్పనక్కర్లేదు. చివరికి గెలిచినట్టు మొహం పెట్టకండి. షైలాక్ కరగడు, నాకు చట్టమే కావాలంటాడు. పోర్షియా తర్వాత గెలిచేది ఒప్పందంలో రక్తం ప్రస్తావన లేదన్న పాయింట్ మీద.

"టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో" మెక్‌బెత్ తన భార్య చనిపోయిందన్న కబురు విన్నప్పుడు అన్న మాట. ఫేర్‌వెల్‌లో భవిష్యత్తు మీద మాట్లాడుతూ దీన్ని చెప్పొద్దు.

నవ్వించే డైలాగు కావాలంటే ఆస్కార్ వైల్డ్ ఉన్నాడు. 'ద ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' 1895లో లండన్‌లో మొదటిసారి ఆడింది. అమ్మానాన్నల్లో ఒకరిని పోగొట్టుకుంటే దురదృష్టం అనుకోవచ్చు, ఇద్దరినీ పోగొట్టుకుంటే అజాగ్రత్తలా కనిపిస్తుంది అంటుంది పెళ్లికూతురి తల్లి లేడీ బ్రాక్‌నెల్, పెళ్లికొడుకును ప్రశ్నలడుగుతూ. ఆమెకు అది జోకు కాదు, పెళ్లి సంబంధం విచారణ. మీరు ఒక్క పిసరు నవ్వినా హాలు నవ్వదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' ఐదో అంకంలో ఉంది. పూలమ్మే ఎలైజాకు ప్రొఫెసర్ హిగ్గిన్స్ పెద్దింటి ఇంగ్లిష్ నేర్పిస్తాడు. చివరికి ఆమె అతనితో కాదు, తనను మొదటి నుంచి మర్యాదగా చూసిన కల్నల్ పికరింగ్‌తో అంటుంది, గొప్పింటి ఆడదానికీ పూలమ్మే పిల్లకూ తేడా ఆమె ఎలా నడుచుకుంటుందన్నదాంట్లో లేదు, ఆమెను ఎలా చూస్తారన్నదాంట్లో ఉంది అని. హిగ్గిన్స్ పక్కనే ఉండి వింటుంటాడు. యాసను వెక్కిరించారని సిటీ హాస్టల్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసిన పిల్లలు నాకు తెలుసు. ఈ డైలాగు కోపంగా చెప్పకండి. పికరింగ్‌కు కృతజ్ఞత చెబుతున్నట్టు, మెల్లగా, అతని కళ్లలోకి చూస్తూ చెప్పండి. వినేది హిగ్గిన్స్ కదా, తగలాల్సిన చోట తగులుతుంది.

పోటీలో మూడు నిమిషాలు ఇస్తే అర నిమిషం తెలుగులో సందర్భం చెప్పండి. ఎవరు, ఎవరితో, ఏం కావాలని, అంతే. రచయిత జీవిత చరిత్ర వద్దు. మిగిలిన సమయంలో రెండు నిమిషాలకు మించి డైలాగు పెట్టుకోవద్దు, మౌనాలకు చోటు కావాలి. చివరి మాట అయిపోగానే "థాంక్యూ" అని పరుగెత్తకుండా, ఎవరితో మాట్లాడారో ఆ మనిషి ఉన్న వైపే ఒక ఊపిరి తీసుకునేంతసేపు చూసి, అప్పుడు దిగండి.