కారవాన్ జనరేటర్‌కి పెట్రోలా, డీజిలా, గ్యాసా?

విశాఖలో ట్రావెలర్ వ్యాన్‌ని కారవాన్‌గా మార్పించుకునేవాళ్లు చాలామంది మంచాలు, వంటగట్టు, టీవీ అన్నీ తేలాక జనరేటర్ సంగతి ఎత్తుతారు. అప్పటికి బాడీలో చోటుండదు. ఇంధనాన్ని బట్టి జనరేటర్ బరువు, అర, పొగగొట్టం అన్నీ మారిపోతాయి కాబట్టి, బండి షెడ్డుకి వెళ్లకముందే ఇది తేల్చుకోవాలి.

ముందు లోడ్ లెక్క. టన్ను ఏసీ నడిచేటప్పుడు 1,000–1,200 వాట్లు తీసుకుంటుంది. పాత రకమైతే కంప్రెసర్ అందుకునే క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. ఇన్వర్టర్ ఏసీకి ఆ బెడద లేదు. 2 కేవీఏ అని రాసున్న చిన్న యంత్రం నిలకడగా ఇచ్చేది సుమారు 1,600 వాట్లే. ఇన్వర్టర్ ఏసీ అయి, దాన్ని ఆపి వంట చేసుకుంటామంటే ఇది చాలు, ఇండక్షన్ స్టవ్‌ని 1,200 మీద పెట్టుకుంటే సరి. రెండూ ఒకేసారి కావాలంటే 4–5 కేవీఏ తప్పదు. ఇంకో తరుగు కొండమీద ఉంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి పలచన, అక్కడ ఇంజిన్ బలం పదో వంతు దాకా తగ్గుతుంది. బీచ్ రోడ్డులో 1,600 ఇచ్చింది అక్కడ 1,450 దగ్గర ఆగుతుంది.

పెట్రోల్ ఇన్వర్టర్ జనరేటర్ 20–25 కిలోలు, చప్పుడు తక్కువ. దించి బయట పెట్టుకోవచ్చు. కిలోవాట్ లోడ్‌కి గంటకి 0.6–0.7 లీటర్ తాగుతుంది. దీని జబ్బంతా పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్‌లోనే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన సముద్రపు తేమకి నెల రోజులు కదలకుండా ఉంటే దాని జెట్‌లో, అంటే పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రంలో, జిగురు పట్టి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ ఎగిసిపడుతూ ఆగిపోతుంది. అందుకే ట్రిప్ అయ్యాక పెట్రోల్ కాక్ మూసి, దానంతటదే ఆగేదాకా నడపండి. ఏటవాలులో పెట్టినా ఆగిపోతుంది: ఆయిల్ ఒకపక్కకి ఒరిగితే సెన్సర్ ఆయిల్ లేదనుకుని ఇంజిన్‌ని ఆపేస్తుంది. అనంతగిరి ఘాట్‌లో బండి ఆపితే కింద రాయో చెక్కో పెట్టి మట్టం చేయండి.

బండి డీజిల్‌దై, రాత్రంతా ఏసీ నడవాలంటే డీజిల్ జనరేటరే మేలు. కిలోవాట్‌కి గంటకి 0.4–0.5 లీటర్‌తో సరిపోతుంది, బంకులో ఒక్కటే ఇంధనం కొట్టించుకోవాలి. బరువు మాత్రం వంద కిలోల పైమాటే, ఛాసిస్‌కి బిగించాల్సిందే. బండి ఇంజిన్‌కి వెళ్లే డీజిల్ లైన్‌కి టీ జాయింట్ పెట్టి పాయ తీయనివ్వకండి. గాలి చొరబడితే బండే స్టార్ట్ కాదు. ట్యాంకులోకి విడిగా రెండో పైపు దించి, అడుగున పావు ట్యాంకు మిగిలే ఎత్తులో ఆపించండి. తెల్లవారాక బంకు దాకా వెళ్లడానికి డీజిల్ ఉంటుంది. డీజిల్‌లోంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ అడుగు స్క్రూని నెలకోసారి విప్పి నీరు తీసేయండి.

డీజిల్‌కి తక్కువ లోడ్ పడదు. 5 కేవీఏ సెట్ మీద రెండు ఫ్యాన్లు, ఫోన్ ఛార్జర్లు నడిపితే లోపల వేడి చాలక ఇంధనం పూర్తిగా మండదు. సైలెన్సర్ మూతి చుట్టూ నల్లటి జిడ్డు కారడం దాని గుర్తు. మూడో వంతు లోడైనా ఎప్పుడూ ఉండాలి. అంత వాడకం లేనివాళ్లు డీజిల్ జోలికి వెళ్లొద్దు.

గ్యాస్ (ఎల్పీజీ) శుభ్రంగా మండుతుంది, ఎన్నాళ్లు నిల్వ ఉన్నా పాడవదు. 5 కిలోల సిలిండర్ కిలోవాట్ లోడ్ మీద 10–12 గంటలొస్తుంది. కానీ లంబసింగి చలిలో సిలిండర్ గడ్డకట్టినట్టై గ్యాస్ ఒత్తిడి పడిపోతుంది, ఇంజిన్ గొణుగుతుంది. ఏజెన్సీ ఊళ్లలో సిలిండర్ మార్చుకోవడమూ కష్టమే. ఇంటి కనెక్షన్ సిలిండర్ వాడటం చట్టవిరుద్ధం. గ్యాస్ గాలికంటే బరువు, నేలని పట్టుకుని పాకుతుంది. సిలిండర్ అర బయటికే తెరుచుకోవాలి, ఆ అర అడుగున రంధ్రం ఉండాలి, గ్యాస్ లీకైతే మోగే అలారం నేలకి దగ్గరగా బిగించాలి. మా మాటగా చెప్పాలంటే, విశాఖ నుంచి ఏజెన్సీ వైపు తిరిగే బండికి గ్యాస్ వద్దు.

ఏ ఇంధనమైనా పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్‌ని బండి లోపల గానీ, తెరిచిన కిటికీ కింద గానీ నడపొద్దు. బిగించిన సెట్‌కైతే పొగగొట్టాన్ని కిటికీలకి దూరంగా, బండి అంచు దాటేలా పెట్టించండి. మంచం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఈ ఖర్చులో బేరం ఆడొద్దు.

రుషికొండ, భీమిలి వైపు ఎక్కువగా ఆపేవాళ్లకి ఉప్పుగాలి ఇంకో శత్రువు. ఇంటికొచ్చాక చల్లారిన యంత్రాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, బ్యాటరీ టెర్మినల్స్‌కి వాసలిన్ రాయండి.

షాపువాళ్లు బల్బు వెలిగించి చూపిస్తే ఒప్పుకోకండి. మీ ఏసీనే తగిలించి అరగంట నడపమనండి. ఏసీ ఆపి, అయిదు నిమిషాలాగి, ఇంజిన్ వేడిగా ఉండగానే మళ్లీ వేయించండి. కంప్రెసర్ తడబడకుండా రెండోసారి అందుకుంటేనే డబ్బు కట్టండి.