అతీతశక్తి కథ రాయడం – ఐదవ పాఠం: కరివేపాకు పాత్రను గుర్తుపట్టడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం ప్రకారం మీరు రాసుకున్న రెండు పేజీల కథాసంగ్రహాన్ని ఇప్పుడు ముందు పెట్టుకోండి. అందులో ఆడపిల్లల పేర్లు ఎక్కడెక్కడ వచ్చాయో వాటి కింద పెన్సిలుతో గీత గీయండి. పేరు లేకుండా 'చెల్లి' అనో 'హీరోయిన్' అనో మాత్రమే రాసి ఉంటే ఆ మాట కిందే గీయండి. పేరు లేకపోవడం కూడా ఈ పాఠంలో లెక్కలోకి వస్తుంది.

ఆ అభ్యాసాన్ని నేనూ చేశాను. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఏటి ఒడ్డున, వేసవిలో నీరు తగ్గిన చోట, ప్లస్ టూ చదివే ముగ్గురు కుర్రాళ్లకు ఇసుకలో ఒక నల్లరాయి కనిపిస్తుంది. దాన్ని ముట్టుకున్న మర్నాటికి వాళ్లు చెయ్యి తగలకుండా సైకిళ్లను గాలిలోకి లేపగలుగుతారు. ఈ కథలో ఒక అమ్మాయి కూడా ఉంది. మొదటిసారి అన్నను భోజనానికి పిలవడానికి వస్తుంది, రెండోసారి వరదలో కొట్టుకుపోతూ అరవడానికి వస్తుంది. ఆమెకు పేరు పెట్టలేదన్న సంగతి రాయడం మొదలుపెట్టిన నాలుగో రోజుకు గాని నా దృష్టికి రాలేదు.

ఇటువంటి పాత్రకు మన భాషలోనే సరిపోయే మాట ఉంది: కూరలో కరివేపాకు. వాసన కోసం వేస్తారు, తినేటప్పుడు ఏరి కంచం అంచున పెడతారు. (నిజానికి ఈ పోలిక కరివేపాకుకే అన్యాయం చేస్తుంది. అది లేని చారుకూ ఉన్న చారుకూ తేడా ఉంటుంది, నా కథలోని అమ్మాయి విషయంలో ఆ తేడా కూడా లేదు.) కనుక మొదట నేర్చుకోవలసిన పని తీసివేత. ఆ పాత్రను కథలోంచి తీసేసి, ఆమె చేసే పనిని మరొకరికో, అవసరమైతే ఒక వస్తువుకో అప్పగించి చూడండి. భోజనానికి పిలవడం ఫోను చేస్తుంది. వరదలో కొట్టుకుపోవడానికి దూడ చాలు. కథ ఎక్కడా తెగకపోతే ఆ పాత్రను మీరు ఇంకా రాయలేదనే అర్థం.

ఈ విషయంలో చాలామంది ఎరిగిన కొలత మరొకటి ఉంది. అమెరికన్ చిత్రకారిణి ఆలిసన్ బెక్డెల్ 1985లో తన కామిక్‌లో ఒక పాత్ర చేత చెప్పించిన నియమం అది: సినిమాలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాక మరి దేని గురించైనా అయి ఉండాలి. ఇంత తేలికైన పరీక్షలో కూడా పెద్ద పెద్ద సినిమాలు తప్పుతుంటే నవ్వు వస్తుంది. అయితే రచయితకు ఈ కొలత చాలదు, ఎందుకంటే ఇద్దరు అమ్మాయిలు అర నిమిషం పరీక్షల గురించి మాట్లాడుకుంటే నియమం తీరిపోతుంది, కథ మాత్రం అంగుళం కూడా కదలదు. మనకు కావలసింది కథలో ఆమె బరువు ఎంతో తూచే పద్ధతి.

ఆ తూకాన్ని ఒక సినిమా మీద నేర్చుకుందాం. జాష్ ట్రాంక్ దర్శకత్వంలో 2012లో వచ్చిన 'క్రానికల్' ఈ పాఠానికి బాగా పనికివస్తుంది, ఎందుకంటే అది చెడ్డ సినిమా కాదు. సియాటిల్‌లో చదువుకునే ఆండ్రూ, మ్యాట్, స్టీవ్ అనే ముగ్గురు కుర్రాళ్లు ఒక రాత్రి పార్టీ జరుగుతున్న చోటికి దగ్గర్లో నేలలోని గుంతలోకి దిగి, అక్కడున్న వింత వస్తువు వల్ల చెయ్యి తగలకుండా వస్తువులను కదిలించే శక్తి పొందుతారు. పాత్రల చేతుల్లోని కెమెరాలు తీసినట్టుగా సినిమా నడుస్తుంది. తండ్రి చేత దెబ్బలు తినే ఆండ్రూలోని ఒంటరితనం శక్తి పెరిగేకొద్దీ క్రూరత్వంగా మారే తీరును ఆ సినిమా ఎంతో శ్రద్ధగా చూపించింది. ఆ శ్రద్ధలో పదో వంతు కూడా అందులోని స్త్రీలకు దక్కలేదు.

నోటుపుస్తకంలో ఒక్కొక్క స్త్రీపాత్రకు ఒక పేజీ కేటాయించి, ఆమె కనిపించిన ప్రతి సన్నివేశానికీ ఆమె ఏం కోరింది, ఏం నిర్ణయించింది, దాని వల్ల తర్వాతి సన్నివేశంలో ఏం మారింది అని రాసుకుంటూ సినిమా చూడండి. ఆండ్రూ తల్లి మంచాన పడిన రోగి. ఆమె మందులకు డబ్బు లేకనే కొడుకు దోపిడీకి దిగుతాడు, ఆమె చనిపోయాక అతడిని ఆపేది ఏదీ మిగలదు. కథ మీద ఆమె ప్రభావం పెద్దదే, కాని అది ఆమె జబ్బు ప్రభావం, ఆమె ప్రభావం కాదు. మోనికా అనే అమ్మాయి ఒక పార్టీలో ఆండ్రూకు అవమానం జరగడానికి సందర్భం అవుతుంది, అంతటితో ఆమె పని తీరిపోతుంది. ఇక మ్యాట్ ఇష్టపడే కేసీ తన బ్లాగు కోసం వీడియోలు తీస్తూ ఉంటుంది. చేతిలో కెమెరా ఉంది కనుక ఆండ్రూ లేని చోట కూడా మనకు దృశ్యం దొరుకుతుంది. కేసీ పేజీ నింపుతున్నప్పుడు నాకు తట్టినది ఏమిటంటే, ఆమె కథకు కాక చిత్రీకరణకు అవసరమైన మనిషి.

ఇక్కడ కొంచెం ఆగాలి. గుంతలో కనిపించినదాన్ని చిత్రీకరించడానికి స్టీవ్ వచ్చి ఆండ్రూను పిలుస్తాడు, అతడి దగ్గర కెమెరా ఉందని. కాని ఆ రాత్రి పార్టీలో కేసీ చేతిలోనూ కెమెరా ఉంది. ఇద్దరిలో ఎవరిని పిలిచినా స్టీవ్ పని జరిగేది, పిలుపు మాత్రం అబ్బాయికే వెళ్లింది. రచయిత దీన్ని కావాలని చేశాడని నేను అనుకోను. 'కౌమారం' అనగానే అబ్బాయి కౌమారమే మనసులో మెదిలే అలవాటు చేసిన పని అది, అలవాటు చేసిన పని కనుకనే చిత్తుప్రతిలో మన కళ్లకు ఆనదు.

దీనికి ఎదురుగా బ్రయన్ డి పాల్మా తీసిన 'క్యారీ' (1976) పెట్టి చూడండి. స్టీఫెన్ కింగ్ 1974 నవల దానికి ఆధారం. మన ఇళ్లలో సమర్త పేరుతో వేడుక చేసే సంఘటనే ఆ కథకు తొలి మెట్టు. ఏమీ తెలియని పిల్ల క్యారీ బడి స్నానాలగదిలో భయపడితే తోటి అమ్మాయిలు గేలి చేస్తారు, ఆమెలోని శక్తి అక్కడి నుంచే మేలుకుంటుంది. పశ్చాత్తాపంతో తన స్నేహితుడిని క్యారీ వెంట నృత్యోత్సవానికి పంపాలని నిర్ణయించేది స్యూ, పంది నెత్తురు కుమ్మరించే పన్నాగం పన్నేది క్రిస్, దేవుడి పేరుతో కూతురిని గదిలో బంధించేది తల్లి. కథ మలుపు తిరిగిన ప్రతిచోటా ఒక స్త్రీ నిర్ణయం ఉంది. ఆ నిర్ణయాల్లో చాలా భాగం చెడ్డవే అని కూడా గమనించండి. పాత్రకు బరువు ఉండాలంటే ఆమె మంచిది కానక్కరలేదు, కరాటే తెలిసినది అంతకంటే కానక్కరలేదు.

ఇప్పుడు నా చిత్తుప్రతిని సరిదిద్దుకోవాలి. రాయిని అమ్మాయి చేత కూడా ముట్టించడం తేలిక, కాని అంతమాత్రాన నాలుగో అబ్బాయి తయారవుతాడే తప్ప అమ్మాయి తయారుకాదు. ముందుగా ఆమెకు పేరు పెట్టాను: పైడితల్లి, ఇంట్లో పైడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. అన్నలాగే బరంపురం వెళ్లి డిగ్రీ చదవాలన్నది ఆమె కోరిక. తరువాత, ఆమె తెర మీద కనిపించని ఒక రోజును తెల్లవారింది మొదలు రాత్రి దాకా ఒక పేజీలో రాశాను. ఈ పేజీ కథలోకి రాదు, కాని దీన్ని రాయకుండా ముందుకు వెళ్లకండి. రాస్తున్నప్పుడే ఒక సంగతి తెలిసింది. కుర్రాళ్లకు శక్తి దొరికితే ఏటి ఒడ్డున ఒకరికొకరు చూపించుకుని ఫోనులో వీడియో తీసుకుంటారు. చీకటి పడకముందే ఇల్లు చేరవలసిన పిల్ల తెల్లవారుజామున ట్యూషనుకని చెప్పి బయలుదేరి ఒంటరిగా సాధన చేయాలి, ఆ అబద్ధం బయటపడితే ముందు ఆగిపోయేది ట్యూషను, తర్వాత బరంపురం. అబ్బాయిలకు రహస్యం ఒక ఆట అయితే ఆమెకు అది చదువును పణంగా పెట్టడం. నా కథకు లేని మూల్యం అక్కడ దొరికింది.

సంభాషణ కూడా ఆమె నోటి నుంచే రావాలి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకున్న పర్లాకిమిడిలోనే కూర్చుని పైడి చేత పుస్తకాల తెలుగు పలికించడం నాకు సిగ్గనిపించింది. గుణుపురం రైలులో, పెదనాన్న కూతురితో ఆమె మాటలు ఇలా వచ్చాయి ('అప్ప' అంటే అక్క):

"అప్పా, ఆ రాయి నానూ ముట్టీసినాను."

"ఎవులికైనా సెప్పినావేటి?"

"నేదు."

"సెప్పకు. ముందు దాంతో ఏటి సెయ్యగలవో నువ్వు సూసుకో."

బెక్డెల్ నియమం ఇక్కడ తీరిపోయింది, కాని అందుకోసం ఈ సన్నివేశం రాయలేదు. దీన్ని తీసేస్తే పైడి రహస్యం దాచడానికి కారణం పోతుంది, కారణం పోతే వరద సన్నివేశం నిలవదు. తీసివేతకు తట్టుకోవడం అంటే ఇదే.

వరద సన్నివేశం ఇప్పుడు ఇలా మారింది: కొట్టుకుపోతున్నది పైడి అన్న, గట్టు మీద సగం ఊరు ఉంది, ఆమె చెయ్యి చాస్తే అందరికీ తెలిసిపోతుంది. అన్నను కాపాడటం ఖాయమే, కాని ఎలా, ఎవరి కంట పడకుండా, లేక పడితే పడనీ అనుకునా, అన్నది నేను ఇంకా రాయలేదు.

వచ్చే పాఠానికి ముందు మీ సంగ్రహంలో గీత గీసిన పేర్లలో ఒకదాన్ని ఎంచుకుని, ఆమె తెర మీద లేని ఒక రోజును ఒక పేజీకి మించకుండా రాయండి. ఆ పేజీలో అబ్బాయిల పేర్లు రెండుసార్లకు మించి రాకూడదు. ఆ తరువాత కథలో ఇప్పటికే ఒక కుర్రాడు తీసుకుంటున్న నిర్ణయాన్ని ఒకటి ఆమెకు బదలాయించి, దాని వల్ల ఆమె పోగొట్టుకునేది ఏమిటో ఒక్క వాక్యంలో కింద రాసి పెట్టుకోండి. ఆరవ పాఠం ఆ వాక్యంతోనే మొదలవుతుంది.