గేరు షిఫ్టర్, బ్రేకు లివర్: దేనికి ఏది నప్పుతుంది?

సైకిల్ షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) మీద 10 స్పీడ్ అని ఉంటుంది, డిరైలర్ (గొలుసుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదానికి జరిపే భాగం) మీదా అదే ఉంటుంది. తీరా బిగించాక గేర్లు కుదరవు. స్పీడు అంకె చెప్పేది వెనక ఎన్ని పళ్లచక్రాలు ఉన్నాయన్నది మాత్రమే. షిఫ్టర్ ఒక్కో క్లిక్కుకు కేబుల్‌ని ఎంత లాగుతుందో, ఆ లాగుడుకి డిరైలర్ ఎంత జరుగుతుందో ఆ అంకె చెప్పదు. కొనే ముందు చూసుకోవాల్సింది ఆ రెండూ.

లెక్క చిన్నదే. క్లిక్కుకి లాగే కేబుల్ పొడవును డిరైలర్ నిష్పత్తితో (కేబుల్ ఒక మి.మీ. లాగితే డిరైలర్ ఎన్ని మి.మీ. జరుగుతుందన్న అంకె) గుణిస్తే, క్యాసెట్‌లో, అంటే వెనక పళ్లచక్రాల కట్టలో, పక్కపక్క చక్రాల మధ్య దూరం రావాలి. షిమానో కంపెనీ 9 స్పీడ్ షిఫ్టర్ సుమారు 2.5 మి.మీ. లాగుతుంది, డిరైలర్ నిష్పత్తి 1.7. గుణిస్తే 4.25, క్యాసెట్‌లో దూరం 4.35. ఆ కాస్త తేడా డిరైలర్‌లో గొలుసు నడిచే పై పుల్లీకి (చిన్న చక్రం) పక్కలకు ఉండే లూజులో కలిసిపోతుంది. షిమానో 10 స్పీడ్ రోడ్ సైకిల్ షిఫ్టర్ లాగేది 2.3 మి.మీ., డిరైలర్ నిష్పత్తి మాత్రం అదే 1.7. అందుకే పెద్ద క్యాసెట్ కావాలనుకునేవాళ్లు 10 స్పీడ్ రోడ్ షిఫ్టర్‌కి 9 స్పీడ్ మౌంటెన్ సైకిల్ డిరైలర్ పెట్టుకుంటారు. హాయిగా పనిచేస్తుంది.

చిక్కంతా షిమానో 10 స్పీడ్ మౌంటెన్ భాగాలతోనే. అక్కడ షిఫ్టర్ 3.4 మి.మీ. లాగుతుంది, నిష్పత్తి 1.2కి తగ్గింది. ఆ షిఫ్టర్‌ని 9 స్పీడ్ డిరైలర్‌కి కలిపితే ఒక్క క్లిక్కుకి 5.8 మి.మీ. జరుగుతుంది, అంటే దాదాపు ఒకటిన్నర చక్రం దాటేస్తుంది. తిప్పి పెడితే, అంటే 9 స్పీడ్ షిఫ్టర్‌కి ఈ డిరైలర్ కలిపితే, క్లిక్కుకి 3 మి.మీ. మాత్రమే, పక్క చక్రం దాకా కూడా పోదు. 11 స్పీడ్ రోడ్‌లో మళ్లీ వేరు: 2.7 మి.మీ., నిష్పత్తి 1.4. షిమానో రోడ్ భాగాల్లో టియాగ్రా 4700 పేరుకి 10 స్పీడే గానీ లాగుడు ఈ 11 స్పీడ్ కుటుంబానిది, పాత 10 స్పీడ్ డిరైలర్లతో దాన్ని కలపకండి. శ్రామ్ అనే ఇంకో కంపెనీ 10 స్పీడ్‌లో రోడ్, మౌంటెన్ భాగాల లాగుడు ఒకటే, వాటిని కలుపుకోవచ్చు. పెడళ్ల దగ్గరుండే ముందు డిరైలర్‌కీ రోడ్, మౌంటెన్ లాగుళ్లు వేరు. ముందు షిఫ్టర్, ముందు డిరైలర్ ఒకే కుటుంబానివి తీసుకుంటే గొడవ ఉండదు.

మోడల్ నంబరు చెరిగిపోయిన షిఫ్టర్ చేతికొస్తే కొలిచి చూడండి. డిరైలర్ దగ్గర కేబుల్ విప్పి, షిఫ్టర్‌ని కేబుల్ పూర్తిగా వదులయ్యే గేరులో పెట్టండి. కేబుల్‌ని చేత్తో బిగువుగా పట్టుకుని, అది హౌసింగ్‌లోంచి (కేబుల్ చుట్టూ ఉండే గొట్టం) బయటికొచ్చే చోటికి ఐదు సెం.మీ. అవతల టేపు ముక్క అంటించి, హౌసింగ్ అంచు నుంచి టేపు దాకా కొలవండి. అన్ని క్లిక్కులూ కొట్టి మళ్లీ కొలవండి. తేడాని క్లిక్కుల సంఖ్యతో భాగిస్తే సరి. 9 స్పీడ్‌కి క్లిక్కులు 8, కాబట్టి మొత్తం 20 మి.మీ. దగ్గర రావాలి.

బిగించాక అన్ని గేర్లలోనూ ఒకే తీరుగా చప్పుడొస్తే అది కేబుల్ బిగువు సమస్య, బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సరిచేసేందుకు చేత్తో తిప్పే మర) అరచుట్టు తిప్పితే పోతుంది. చిన్న చక్రాల దగ్గర బాగుండి, పైకెళ్లే కొద్దీ తేడా పెరుగుతూ పోతే లాగుడు కలవలేదన్నమాట. అప్పుడు అడ్జస్టర్ ఎంత తిప్పినా గేర్లు కుదరవు.

బ్రేకుల్లో ఇదే పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. వీ-బ్రేకుకీ (రిమ్‌కి రెండు పక్కలా పొడవాటి చేతులుండి, కేబుల్ పక్కనుంచి లాగేది), చాలా మౌంటెన్ సైకిళ్ల కేబుల్ డిస్కు బ్రేకులకీ ఎక్కువ లాగే లివర్ కావాలి. క్యాలిపర్ (చక్రం పైన ఒకే చోట బిగించే రిమ్ బ్రేకు), క్యాంటిలివర్ (రెండు చేతుల్నీ మధ్యలోంచి కేబుల్ పైకి లాగేది), రోడ్ కేబుల్ డిస్కులకి దాదాపు సగం లాగేది చాలు. వంపు హ్యాండిల్ (రోడ్ సైకిళ్లకి ఉండేది) లివర్లు సాధారణంగా ఈ తక్కువ లాగే రకమే. దాన్ని వీ-బ్రేకుకి కడితే ప్యాడ్లు రిమ్‌ని సరిగా పట్టకముందే లివర్ హ్యాండిల్‌కి ఆనుతుంది. తిరగేసి, ఎక్కువ లాగే లివర్‌ని క్యాలిపర్‌కి కడితే చేతికి గట్టిగా, భలే బిగిసినట్టు తగులుతుంది. మోసమంతా అక్కడే: ఎంత నొక్కినా ప్యాడ్ మీద పడే బలం సగమే, బండి ఆగదు.

వంపు హ్యాండిల్‌తో వీ-బ్రేకే కావాలంటే 80 నుంచి 90 మి.మీ. చేతులుండే మినీ వీ-బ్రేకు పెట్టుకోవచ్చు. లావు టైరు, మడ్‌గార్డ్ ఉంటే దాని కింద చోటు చాలదు. అప్పుడు మామూలు వీ-బ్రేకే పెట్టి, లాగుడు పెంచే పుల్లీ అడాప్టర్ గానీ, వీ-బ్రేకు కోసమే చేసిన వంపు హ్యాండిల్ లివర్ గానీ వాడాలి. కేబుల్ బదులు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ లివర్లలో డాట్ ఫ్లూయిడ్‌దీ మినరల్ ఆయిల్‌దీ (ఇవి రెండు వేర్వేరు బ్రేకు ద్రవాలు) ఎప్పుడూ కలపొద్దు, సీళ్లు ఉబ్బి చెడిపోతాయి.

లివర్ మార్చేటప్పుడు కేబుల్ తల కూడా చూడండి. వంపు హ్యాండిల్ లివర్‌కి బేరిపండు ఆకారపు చిన్న తల, తిన్నటి హ్యాండిల్ లివర్‌కి పీపా ఆకారపు తల. హ్యాండిల్ మందం కూడా వేరే: తిన్నటిదానికి పట్టు దగ్గర 22.2 మి.మీ., వంపుదానికి 23.8. ఇక గేరు హౌసింగ్‌ని బ్రేకుకి వాడకండి. అందులో తీగలు నిలువుగా ఉంటాయి. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు అవి ప్లాస్టిక్ తొడుగు చీల్చుకుని బయటికొస్తాయి, ఆ క్షణంలో బ్రేకు ఉండదు.