మహిళా జైలు వార్డర్లకు ట్రామా (పాత హింస మనసులో మిగిల్చిన గాయం) గురించి ఎలా నేర్పాలి

శిక్షణను నిర్వచనాలతో కాదు, ఖైదీల ఒంటి తనిఖీతో మొదలుపెట్టండి. ఇంట్లో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి మీద వెనక నుంచి చెయ్యి పడితే ఒళ్లు బిగుసుకుపోతుంది, అరుస్తుంది, ఒక్కోసారి చెయ్యి విదిలించి కొడుతుంది కూడా. అది పొగరు కాదు, భయం. అందుకే వార్డర్లను జంటలుగా నిలబెట్టి సాధన చేయించండి: ఎదురుగా వచ్చి పేరుతో పిలవాలి, "ఇప్పుడు భుజాలు చూస్తానమ్మా, తర్వాత నడుము" అని ముందే చెప్పి, ఆమె తలూపాకే ముట్టుకోవాలి. తర్వాత పాత్రలు మార్చండి, తనిఖీ చేయించుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. బట్టలు తీయించే తనిఖీ అయితే చాటుగా, శిక్షణ పొందిన మహిళా సిబ్బందే చేయాలి. ఖైదీలతో ఎలా మెలగాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 52వది చెప్పేదీ అదే.

గతాన్ని తవ్వి అడగొద్దని గట్టిగా చెప్పండి, అది కౌన్సెలర్ పని. మన జైళ్లలో ఆరేళ్లలోపు పిల్లలు తల్లి దగ్గరే ఉండొచ్చు, వాళ్ల ముందు తల్లిని తిట్టకూడదు.

సిబ్బంది టెన్షన్‌ను మాత్రం చివరి పది నిమిషాలకు నెట్టేయకండి. బ్యారక్‌లో ఉరేసుకున్న ఖైదీని కిందికి దించిన వార్డర్‌ను ఆ రాత్రి మళ్లీ అక్కడే డ్యూటీకి వేయొద్దని సూపరింటెండెంట్‌తో ముందే మాట్లాడి ఒప్పించండి.